జీతం పెంచని చదువు

మన గ్రూపుల్లో బడిలో పనిచేసేవాళ్ల సంఖ్య ఈ మధ్య బాగానే పెరిగింది. కొందరు టీచర్లు, చాలామంది టీచింగ్ అసిస్టెంట్లు. నేను ఎం.ఏ. ఎడ్యుకేషన్ పూర్తిచేశానని తెలిసిన దగ్గర్నుంచి వాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అక్కా, అది చేస్తే జీతం ఎంత పెరుగుతుంది?"

సూటిగా చెప్పేస్తాను. ఇంగ్లండ్‌లో ఒక్క పౌండు కూడా పెరగదు. ఇక్కడ ప్రభుత్వ బడుల జీతాల పట్టికలో మాస్టర్స్ డిగ్రీకి విడిగా ఒక మెట్టు అంటూ లేదు. అమెరికాలో ఉన్న మన అక్కచెల్లెళ్ల సంగతి వేరు. అక్కడ చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో మాస్టర్స్ ఉంటే జీతం పట్టికలో పై వరుసకు వెళ్తారు. న్యూయార్క్ రాష్ట్రంలో అయితే మొదట ఇచ్చే సర్టిఫికెట్ నుంచి ప్రొఫెషనల్ సర్టిఫికెట్‌కు మారాలంటే మాస్టర్స్ ఉండి తీరాలి. ఫిన్లాండ్‌లో మాస్టర్స్ లేకుండా ప్రైమరీ బడిలో క్లాస్ టీచరే కాలేరు. ఇక్కడ మాత్రం చేసినా చేయకపోయినా నెలాఖరుకి బ్యాంకులో పడేది అంతే.

మరి నలభై మూడేళ్ల వయసులో, రెండేళ్లపాటు శని, ఆదివారాలు వదులుకుని, ఇంట్లో డబ్బు ఆరువేల పౌండ్ల దాకా పెట్టి ఎందుకు చదివావంటే, దానికి జవాబు కొంచెం పెద్దది. అందుకే గ్రూపులో మెసేజ్‌గా పెట్టకుండా పత్రికకి రాస్తున్నాను.

నాది గుంటూరు జిల్లా. బి.ఎస్సీ. లెక్కలు, ఆ తర్వాత బి.ఎడ్. అక్కడ హైస్కూల్లో ఏడేళ్లు లెక్కలు చెప్పాను. 2010లో మావారి ఉద్యోగం మీద ఇక్కడ మిడ్‌లాండ్స్‌లో ఒక ఊరికి వచ్చాం. మొదట మా పాప చదివే ప్రైమరీ బడిలో మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లల్ని చూసుకునే పని చేశాను. ఇక్కడ అందరూ డిన్నర్ లేడీ అంటారు కదా, అదే. ఆ తర్వాత టీచింగ్ అసిస్టెంట్. ఐ.ఎల్.ఆర్. వచ్చి, హోమ్ ఫీజుకి అర్హత దొరికాక 2017లో పీజీసీఈ చేసి, ఏడాది తర్వాత ఒక సెకండరీ బడిలో లెక్కల టీచర్‌గా చేరాను. ఇప్పుడు వచ్చేవాళ్లకి ఇంకో దారి కూడా ఉంది. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశంలో టీచర్ అర్హత, అనుభవం ఉన్నవాళ్లు నేరుగా ఇక్కడి క్యూటీఎస్‌కి అప్లై చేసుకోవచ్చు. అయితే లెక్కలు, సైన్సు, భాషలు చెప్పేవాళ్లకి మాత్రమే, అదీ 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకి చెప్పే అర్హత ఉంటేనే. నా కాలంలో అది లేదు.

నేను టీచర్‌నయిన మూడేళ్లకి, 2021 నవంబరులో, మా బడిలో ఇయర్ సెవెన్‌లోకి ఒక తెలుగు పిల్లవాడు వచ్చాడు. వాళ్లమ్మ మా ఊరి హాస్పిటల్లో నర్సు. ఆవిడ ముందొచ్చి, ఇల్లు చూసుకుని, డ్యూటీలు కుదుర్చుకుని పిల్లవాణ్ని తెచ్చుకునేసరికి రెండేళ్లు పట్టింది. అప్పటిదాకా వాడు ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉండి తెలుగు మీడియంలో చదివాడు. మన నర్సు చెల్లెళ్లలో ఎంతమంది ఇళ్లలో ఇదే కథో నేను చెప్పక్కర్లేదు.

బడిలో చేరగానే పరీక్ష పెట్టారు. పేపరు నిండా ఇంగ్లీషు వాక్యాలే. వాడికి వచ్చిన మార్కుల్ని బట్టి లెక్కల్లో అన్నిటికన్నా కింది సెట్లో వేశారు. సెట్ అంటే తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఇక్కడ చాలా సెకండరీ బడుల్లో లెక్కలకి పిల్లల్ని మార్కుల్ని బట్టి గుంపులు చేస్తారు. ఏటేటా పైకీ కిందకీ మార్చొచ్చు అంటారు గానీ, కింది సెట్లో పాఠాలు నెమ్మదిగా నడుస్తాయి కాబట్టి పై సెట్‌తో దూరం పెరిగిపోతుంది. చివరికి కింది సెట్ల వాళ్లు జీసీఎస్‌ఈలో ఫౌండేషన్ పేపరు రాస్తారు. అందులో ఎంత బాగా రాసినా గ్రేడ్ 5 దాటదు. 9 దాకా రావాలంటే హయ్యర్ పేపరు రాయాలి. ఎ-లెవెల్లో లెక్కలు తీసుకోవాలంటే చాలా చోట్ల 6 గానీ 7 గానీ అడుగుతారు. అంటే పదకొండేళ్ల వయసులో ఇంగ్లీషు రాక తప్పిపోయిన ఒక పరీక్ష, పదహారేళ్లప్పుడు ఇంజినీరింగ్ తలుపు మూసేయగలదు.

ఆ కింది సెట్‌కి చెప్పేది నేనే. వాడు 17 ఎక్కం నోటికి చెప్పేవాడు. కసాగు, గసాభా అంటే కళ్లు మెరిసేవి. నేను బోర్డు మీద అంకెలు వేస్తే మొదటి జవాబు వాడిదే. ఒకరోజు "టూ థర్డ్స్" రాయమంటే వాడు 3 పైన, 2 కింద రాశాడు. పక్కనున్న అసిస్టెంట్ తప్పు అని కొట్టేసింది. నాకు మాత్రం వాడి బుర్రలో ఏం జరిగిందో వినపడినంత పని అయింది. మనం "మూడింట రెండు" అంటాం. మూడు ముందు, రెండు తర్వాత. ఇంగ్లీషులో రెండు ముందు, మూడు తర్వాత. వాడు మనసులో తెలుగు చేసుకుని, వినపడిన వరుసలో పైనుంచి కిందకి రాసుకుంటూ వచ్చాడు. భిన్నం అంటే వాడికి బాగా తెలుసు. బొమ్మ గీసి రంగు వేయమంటే సరిగ్గా మూడు భాగాల్లో రెండింటికి వేశాడు.

డిపార్ట్‌మెంట్ మీటింగులో ఈ మాట చెప్పాను. వాడికి లెక్కలు వచ్చు, రానిది ఇంగ్లీషే, సెట్ మార్చండి అని. అక్కడున్నవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. చాలా మర్యాదగానే జవాబిచ్చారు. "మీ భాష పిల్లవాడు కదా, మీకలా అనిపించడం సహజమే. కానీ మన దగ్గరున్న ఆధారం మార్కులే" అన్నారు.

ఆ మాట నాకు చాలా రోజులు ముల్లులా గుచ్చుకుంది. ఏడేళ్లు అక్కడ, మూడేళ్లు ఇక్కడ పాఠం చెప్పిన మనిషిని. నాకు తెలిసిన విషయం ఆ గదిలోకి వెళ్లేసరికి "మా వాడు" అనే అభిమానం అయిపోయింది. నేను చూసింది నిజమేనని నాకు తెలుసు. దాన్ని వాళ్లు ఒప్పుకునే రూపంలో ఎలా పెట్టాలో నేర్చుకోవాలి. ఎం.ఏ. గురించి ఆలోచన మొదలైంది అక్కడే.

ఇంట్లో చెప్పగానే ఏమన్నారో మీరు ఊహించుకోవచ్చు. మా అత్తయ్యగారు ఫోన్లో, "పిల్ల పరీక్షలు ముందు పెట్టుకుని తల్లి చదువేంటమ్మా ఇప్పుడు?" అన్నారు. మా పాపకి అప్పుడు ఎ-లెవెల్స్ మొదలవుతున్నాయి. బాబుకి పదేళ్లు. ఆడపడుచు, "ప్రమోషన్ ఇస్తారా వదినా?" అంది. ఇవ్వరు అంటే, "మరెందుకు?" అంది. మావారు ఏ పక్కా మాట్లాడలేదు. "డబ్బు సంగతి సర్దుకుందాం. నువ్వు నిద్రపోయేది ఎప్పుడు?" అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే.

నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఆయన మండల పరిషత్ బడిలో ఎస్.జి.టి. ఇద్దరు పిల్లలు పుట్టాక డిగ్రీ కట్టారు. 1982లో మన దగ్గర సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు కదా, దేశంలోనే మొట్టమొదటిది, తర్వాత అంబేడ్కర్ గారి పేరు పెట్టినది, అందులోనే. ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకి స్టడీ సెంటర్‌కి వెళ్లేవారు. రాత్రిళ్లు మేం పడుకున్నాక వసారాలో లైటు కింద చదివేవారు. ఆపైన బి.ఎడ్. కూడా చేసి స్కూల్ అసిస్టెంట్ అయ్యారు. ఆ ఏళ్లన్నీ అమ్మ మమ్మల్ని "ష్... నాన్న చదువుకుంటున్నారు" అని ఆపుతూనే ఉండేది. ఇంటికొచ్చిన బంధువులు కూడా గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. ఈ వయసులో చదువేంటని ఆయన్ని అడిగినవాళ్లు నాకు తెలిసి ఒక్కరూ లేరు. అదే పని ఆడవాళ్లు చేస్తే ముందు కారణం చూపించాలి, అది జీతం కాగితం మీద కనపడే కారణం అయ్యుండాలి. ఈ సంగతి అత్తయ్యగారితో వాదించలేదు. సెప్టెంబరులో చేరిపోయాను.

ఇక లెక్కలు చెప్తాను, ఇవే ఎక్కువమందికి కావలసినవి. ఇక్కడ మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు. పీజీసీఈ చేసినవాళ్లకి మాస్టర్స్ స్థాయి క్రెడిట్లు సాధారణంగా 60 ముందే వచ్చి ఉంటాయి. చాలా యూనివర్సిటీలు వాటిని కలుపుకుంటాయి. అయితే పీజీసీఈ అయి ఇన్నేళ్లలోపు అని గడువు పెడతాయి కాబట్టి ముందే అడగాలి. నాకు కలిపారు. మిగిలింది 120. ఒక్కో క్రెడిట్‌కి పది గంటల పని అని లెక్క. అంటే 1200 గంటలు. రెండేళ్లకి పంచితే వారానికి పదకొండు, పన్నెండు గంటలు. నేను బుధవారం సాయంత్రం మూడు గంటలు, శనివారం పొద్దున ఐదింటి నుంచి పదింటి దాకా, మిగతావి సెలవుల్లో చేసుకున్నాను. శనివారం వంట మావారిది. మొదటి నెల అంతా ఉప్మానే. రెండో నెలకి పప్పుచారు కూడా వచ్చింది.

డబ్బు విషయానికొస్తే, 2016 నుంచి ఇంగ్లండ్‌లో మాస్టర్స్‌కి ప్రభుత్వ లోన్ ఉంది. ఏడాదికి 21,000 పౌండ్లు దాటిన ఆదాయం మీద 6 శాతం చొప్పున తీరుస్తారు. కానీ అది మొత్తం 180 క్రెడిట్ల కోర్సు చేసేవాళ్లకే. నాలాగా పాత 60 కలుపుకుని మిగతాది పూర్తిచేసేవాళ్లకి రాదు. అందుకే మేం పొదుపులోంచి వాయిదాల్లో కట్టుకున్నాం. వీసా మీద ఉన్నవాళ్లు ముందు తమకి పడేది హోమ్ ఫీజా, ఇంటర్నేషనల్ ఫీజా తేల్చుకోవాలి. రెండింటికీ చాలా తేడా ఉంటుంది. ఒక ఏడాది ఆగితే ఐ.ఎల్.ఆర్. వస్తుందంటే ఆగడమే మంచిది.

చదువులో నన్ను మొదట కుదిపిన పేరు జిమ్ కమ్మిన్స్. కెనడాలో పరిశోధన చేసినాయన. 1979లోనే ఆయన ఒక తేడా చెప్పారు. పిల్లలు ఆటస్థలంలో, బస్సులో మాట్లాడే భాష వేరు, పాఠం అర్థం చేసుకుని రాసే భాష వేరు. మొదటిది రావడానికి సుమారు రెండేళ్లు చాలు. రెండోది తోటిపిల్లల స్థాయికి రావాలంటే ఐదు నుంచి ఏడేళ్లు పట్టొచ్చు. మన ఇళ్లలో జరిగేది చూడండి. పిల్లవాడు ఏడాది తిరిగేసరికి ఇక్కడి యాసలో గలగలా మాట్లాడేస్తాడు. "వాడికి ఇంగ్లీషు వచ్చేసింది" అని మనం మురిసిపోతాం, టీచర్లూ అలాగే అనుకుంటారు. ఆ తర్వాత పరీక్షలో తక్కువ వస్తే తప్పు భాష మీదకి పోదు, పిల్లవాడి తెలివి మీదకి పోతుంది. ఇది చదివినప్పుడు నేను మీటింగులో చెప్పలేకపోయిన మాటకి నా పుట్టిన ఏడాదిలోనే ఒక పేరు పెట్టారన్నమాట అనుకున్నాను.

రెండో పేరు లారెన్స్ స్టెన్‌హౌస్. ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీలో పనిచేశారు. 1975లో వచ్చిన పుస్తకంలో ఆయన వాదన ఏమిటంటే, బోధన మెరుగుపడాలంటే టీచర్ తన క్లాసుని తనే పరిశోధించుకోవాలి. బయటనుంచి ఎవరో వచ్చి కొలిచి వెళ్తే చాలదు. బి.ఎడ్.లో మేం లెసన్ ప్లాన్లు వందల పేజీలు రాశాం. చార్టులు గీశాం. కానీ నీ క్లాసులో నీకే అర్థంకాని సంగతి ఏమిటి, దాన్ని ఎలా కనుక్కుంటావు అని ఎవరూ అడగలేదు. ఇక్కడ మొదటి రోజు నుంచి అడిగేది అదే.

మార్కుల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మీరూ కంగారుపడతారు. మాస్టర్స్‌లో సాధారణంగా 50 వస్తే పాసు, 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. నా మొదటి అసైన్‌మెంట్‌కి 64 వచ్చిందని సంతోషంగా అమ్మకి చెప్తే, "పోన్లే తల్లీ, ఇంటిపని, ఉద్యోగం, ఎంతకని చదువుతావు" అని ఓదార్చింది.

రెండో ఏడాది డిసర్టేషన్. నా విషయం ముందే ఖాయం. కొత్తగా ఈ దేశం వచ్చిన పిల్లలకి లెక్కల్లో అడ్డంపడేది లెక్కా, భాషా? ఆ పిల్లవాణ్నే మధ్యలో పెట్టుకుని ప్రపోజల్ రాశాను. పిల్లల మీద పరిశోధన అంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. తల్లిదండ్రుల సంతకం, పిల్లల ఒప్పుకోలు, హెడ్‌టీచర్ అనుమతి, పేర్లు మార్చడం, కాగితాలు ఎక్కడ దాస్తాం, ఎప్పుడు చెరిపేస్తాం, అన్నీ రాయాలి. ఫారం చూసి నా సూపర్‌వైజర్ ఒకటే ప్రశ్న అడిగారు. "ఈ పిల్లవాడి తల్లి మీకు తెలుసు. మీ సంఘంలో పండగలకి కలుస్తారు. వాళ్లబ్బాయికి మీరే టీచర్. ఆవిడకి ఇష్టంలేకపోతే మీతో వద్దు అనగలదా?"

నేను చాలాసేపు మాట్లాడలేదు. అనలేదు. ఆ సంగతి మనకి తెలియనిదేముంది? ఉగాదికి ఒకరింటికొకరు పులిహోర పంపుకునేవాళ్లం. "టీచర్ గారు అడిగారు" అంటే ఆ అమ్మాయి చదవకుండానే సంతకం పెట్టేస్తుంది. అలా పెట్టిన సంతకం ఒప్పుకోలు కాదు. చివరికి ఏ పిల్లవాడి కోసం ఈ చదువు మొదలుపెట్టానో వాడు నా పరిశోధనలో లేడు. నేను పాఠం చెప్పని ఏడుగురు పిల్లల్ని అడిగాను. ఇళ్లవాళ్లు అందరూ సంతకం పెట్టారు. ఒక అమ్మాయి మాత్రం తల అడ్డంగా ఊపింది. "నేను రాయను మిస్" అంది. అమ్మ సంతకం ఉన్నా ఆ పిల్ల వద్దంటే వద్దే. ఇరవై ఏళ్లుగా పిల్లల చేత రాయిస్తూ వచ్చిన మనిషికి, పిల్ల మాటకి కట్టుబడి కాగితం వెనక్కి తీసుకోవడం కొత్త. ఆ పిల్ల మర్నాడు కారిడార్లో కనపడి నవ్వింది. అంతకుముందు నవ్వేది కాదు.

మిగిలిన ఆరుగురికి ఒకే స్థాయి లెక్కలు మూడు రకాలుగా ఇచ్చాను. ఒకటి ఒట్టి అంకెలతో. రెండోది ఇంగ్లీషు వాక్యాల్లో. మూడోది వాళ్లింటి భాషలోకి మార్పించి. ఆరుగురూ వాక్యాల పేపర్లో కన్నా అంకెల పేపర్లో బాగా చేశారు. అది నేను ఊహించిందే. ఊహించనివి రెండు. ఇంటి భాషలో ఇచ్చిన పేపరు నలుగురికే సాయపడింది. ఒక రొమేనియా అమ్మాయి ఇక్కడికి రాకముందు ఇటలీలో బడికి వెళ్లింది, ఆ పిల్లకి లెక్కల మాటలు ఇటాలియన్‌లోనే తెలుసు. ఒక కుర్దిష్ పిల్లవాడికి ఇంటి భాష మాట్లాడటం వచ్చు, చదవడం ఎవరూ నేర్పలేదు. కాబట్టి ఇంటి భాషలో పేపరిస్తే చాలు, అన్నీ కుదిరిపోతాయి అనుకోవడానికి లేదు. ఆ పిల్ల ఏ భాషలో బడికి వెళ్లిందో ముందు అడగాలి.

రెండోది వింటే మీకూ ముచ్చటేస్తుంది. ఆ ఆరుగురిలో హాంకాంగ్ నుంచి వచ్చిన పిల్లవాడొకడు "టూ థర్డ్స్" అని చెప్తే 3 పైన, 2 కింద రాశాడు. అడిగితే తెలిసింది, వాళ్ల కాంటొనీస్‌లోనూ మన "మూడింట రెండు" లాగానే మూడు ముందు వస్తుందట. ఎక్కడి గుంటూరు, ఎక్కడి హాంకాంగ్! ఆ సాయంత్రం కారులో కూర్చుని గట్టిగా నవ్వుకున్నాను. "మీ భాష పిల్లవాడు కదా" అన్న మాటకి జవాబు నా చేతికి వచ్చింది.

పిల్లలు ఎక్కడెక్కడ ఆగారో మాటల జాబితా కూడా తీశాను. "టేక్ అవే" అంటే కొందరికి పార్సిల్ కూర. "టేబుల్" అంటే బల్ల. "ఆడ్" అంటే వింతగా ఉన్నది. "మీన్" అంటే చెడ్డబుద్ధి మనిషి. అన్నిటికన్నా ప్రమాదం చిన్నమాటలది. కోటు ధర 20 పౌండ్లు తగ్గింది అన్నా, 20 పౌండ్లకి తగ్గింది అన్నా ఇంగ్లీషులో "రెడ్యూస్డ్ బై", "రెడ్యూస్డ్ టు" అనే ఒక్క ముక్కే తేడా. మన భాషలో ఆ తేడా పేరు చివర అంటుకుని ఉంటుంది కాబట్టి పిల్లలు ఆ ముక్కని చూడకుండా దాటేస్తారు. దాటితే జవాబు మొత్తం మారిపోతుంది.

ఆరుగురు పిల్లలతో చేసిన పని లోకానికంతా వర్తిస్తుందని నేను రాయలేదు, రాస్తే నా సూపర్‌వైజర్ ఒప్పుకునేవారూ కాదు. కానీ మా బడికి అది చాలింది. 2024 వేసవిలో టీచర్లకి పెట్టే ట్రైనింగ్ రోజున నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. పిల్లల పేర్లు లేకుండా వాళ్ల చేతిరాత చూపించాను. తెలుగు మాట ఒక్కటీ ఎత్తలేదు. రొమేనియా, హాంకాంగ్, కుర్దిష్ పిల్లల కాగితాలే మాట్లాడాయి. అయ్యాక డిపార్ట్‌మెంట్ హెడ్ తనంతట తనే వచ్చి, కొత్త పిల్లలకి పెట్టే పరీక్ష మారుద్దాం, మీరే రాయండి అన్నారు. రెండేళ్ల కిందట మీటింగులో ఏం అన్నారో ఆయనకి గుర్తులేదు. నేను గుర్తు చెయ్యలేదు.

ఆ సెప్టెంబరు నుంచి మా బడిలో కొత్తగా వచ్చిన పిల్లలకి అంకెల పేపరు ఒకటి, మాటల పేపరు ఒకటి విడివిడిగా ఇస్తున్నాం. ఇంతకుముందు ఏ భాషలో చదివారో అడిగి రాసుకుంటున్నాం. రెండు పేపర్ల మధ్య తేడా ఎక్కువుంటే అంకెల పేపర్ని బట్టి సెట్ ఇచ్చి, భాషకి విడిగా సాయం పెడుతున్నాం. ఆరు వారాలకి మళ్లీ చూస్తున్నాం. ఇది పెద్ద విప్లవమేం కాదు, రెండు కాగితాలు, ఒక తేదీ. అయినా ఇది రావడానికి రెండేళ్లు పట్టింది.

అంతకుముందు వచ్చినవాళ్లకి కూడా మళ్లీ పరీక్ష పెట్టారు. మా తెలుగు పిల్లవాడు ఇయర్ టెన్‌లో హయ్యర్ పేపరు సెట్లోకి వెళ్లాడు. కింది సెట్లో గడిచిన కాలంలో తప్పిపోయిన పాఠాలు చాలా ఉన్నాయి, మధ్యాహ్నం భోజనం గంటలో కూర్చుని పూర్తిచేసుకున్నాడు. అది నా డిసర్టేషన్ గొప్ప అనను. చదివింది వాడు. వాళ్లమ్మ నైట్ డ్యూటీ దిగి, నిద్ర మానుకుని వాణ్ని లేపి కూర్చోబెట్టింది. వాడి ముందర మూసుకుపోతున్న తలుపు ఒకటి తెరిచి ఉంచగలిగాం, అంతవరకే మా వంతు.

ఇప్పుడు చేరాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. కోర్సు పేరు చూసి చేరకండి. మీ క్లాసులో మిమ్మల్ని రోజూ ఇబ్బంది పెడుతున్న ప్రశ్న ఒకటి తీసుకుని వెళ్లండి. అది లేకపోతే 1200 గంటలు చాలా బరువు. మీ హెడ్‌టీచర్‌తో ముందే మాట్లాడండి. కొన్ని బడులు ఫీజులో కొంత ఇస్తాయి, కొన్ని సాయంత్రం మీటింగుల నుంచి వదులుతాయి, అడగందే ఏదీ రాదు. అసిస్టెంట్లుగా ఉన్నవాళ్లు మాస్టర్స్ కన్నా ముందు క్యూటీఎస్ దారి చూసుకోండి. రూల్సు మారుతుంటాయి కాబట్టి ఎవరో చెప్పింది కాకుండా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే చదవండి. ఇంట్లోవాళ్లకి "ఒక్క రెండేళ్లే" అని చెప్పేటప్పుడు, వారంలో ఏ గంటలు మీవో కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మా ఇంట్లో మా బాబు దాని కింద "ష్... అమ్మ చదువుకుంటోంది" అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు. వాడికి మా తాతగారింటి వసారా సంగతి ఎవరూ చెప్పలేదు.

మనలో బి.ఎడ్. సర్టిఫికెట్ సూట్‌కేసు అడుగున పెట్టుకుని, ప్రైమరీ బడి గేటు దగ్గర పిల్లల కోటు జిప్పులు వేస్తున్నవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. ఆ పని చిన్నదని నేను అనను, నేనూ చేశాను. కానీ రెండు దేశాల బడులు, రెండు భాషల్లో లెక్కలు చూసిన మనుషులు స్టాఫ్‌రూములో మనమే. మనకి కనపడేది అక్కడ చాలామందికి కనపడదు. దాన్ని పదిమంది ముందు నిలబెట్టి చెప్పడం నేర్చుకోవడానికి నేను ఆరువేల పౌండ్లు కట్టాను. జీతం కాగితం మీద ఆ డబ్బు తిరిగి రాలేదు, రాదు కూడా.

ఎవరైనా అప్లికేషన్ పెడుతుంటే, ప్రపోజల్ గానీ ఎథిక్స్ ఫారం గానీ ఒకసారి చూసిపెట్టమంటే మొహమాటపడకుండా గ్రూపులో అడగండి. శనివారాలు ఇప్పుడు నాకు ఖాళీనే. వంట మాత్రం ఇంకా మావారిదే.